చేతికి దిగని చదువు

రైల్వే వర్క్‌షాపులలో ఒక పాత ఆచారమున్నది. ఖలాసీగా చేరిన మనిషి ఫిట్టరుగానో, టర్నరుగానో పైమెట్టు ఎక్కదలచినప్పుడు అతనికి ట్రేడ్ టెస్టు పెడతారు. నోటితో అడిగే ప్రశ్నలు నాలుగు ఉంటే ఉండవచ్చును గాని, అసలు పరీక్ష అది కాదు. ఒక డ్రాయింగు, ఒక ఇనుప ముక్క చేతికిచ్చి, ఇన్ని గంటలని గడువు చెపుతారు. బల్లకు బిగించిన వైసు, ఆకురాయి, మూలమట్టం, కాలిపరు, ఇవే ఆ పూటకు అతని పుస్తకాలు. ఒకదానిలో ఒకటి ఇమడవలసిన రెండు ముక్కలను రాకి, నునుపుచేసి తీసుకురావలసి ఉంటుంది. పరీక్షకుడు వాటిని జతచేసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాడు. సందులోనుండి వెలుగుగీత కనిపించినదా, పని చెడినట్లే.

ఆకురాయి ఎట్లా పట్టుకోవాలో తెలియని ఖలాసీ ఉండడు. ముందుకు తోయునప్పుడు బరువు మోపాలనీ, వెనుకకు లాగునప్పుడు వదలాలనీ అతడు ఏళ్ల తరబడి ఫిట్టరు పక్కన నిలబడి చూసినవాడే. అడిగితే తడుముకోకుండా చెప్పగలడు. అయినా మొదటిసారి తప్పేవారు ఉంటారు. చూసినది కంటికి తెలుసును, విన్నది చెవికి తెలుసును, చేతికి మాత్రం ఇంకా కబురు అందలేదు.

ఈ ఖలాసీ స్థితి వర్క్‌షాపు గోడల లోపలిది మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇంటింటా ఉన్న స్థితియే ఇది. పొదుపును గూర్చి అరడజను పుస్తకాలు చదివి నెలాఖరుకు చేబదులు అడిగే గుమాస్తా, ప్రాణాయామ విధానమంతా కంఠతా వచ్చి ఉదయం ఎనిమిదింటికి గాని పక్క దిగని పెద్దమనిషి, ఇంగ్లీషు వ్యాకరణం తప్పు లేకుండా రాసి ఇంటర్‌వ్యూలో నోరు పెగలని పట్టభద్రుడు మనకు కొత్తవారు కారు. వీరిని సోమరులని తోసివేయడం సులభం. కాని వీరిలో చాలామంది కష్టపడేవారే. వారి కష్టమంతా తెలుసుకోవడంలోనే వ్యయమైపోతున్నది. మరొక పుస్తకం, మరొక ఉపన్యాసం, మరొక నోటు బుక్కు. తెలుసుకున్న కొద్దీ గమ్యానికి దగ్గరవుతున్నామన్న భ్రమ కలుగుతుంది.

ఆ భ్రమ ఎంత గట్టిదో 2006లో ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు చక్కగా చూపించారు. సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ విద్యార్థులకు ఒక చిన్న గద్యభాగమిచ్చారు. కొందరు దానిని పదే పదే చదివారు. మరికొందరు ఒక్కమారు చదివి, కాగితం పక్కన పెట్టి, జ్ఞాపకమున్నదంతా రాశారు. మళ్లీ రాశారు, మళ్లీ రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే పదే పదే చదివినవారిదే పైచేయి. వారం గడిచిన తరువాత పరీక్షిస్తే ఫలితం తారుమారైనది. రాసి చూసుకున్నవారికి ఎక్కువ గుర్తున్నది. ఇందులో విచిత్రం మరొకటి ఉన్నది. తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా మాత్రం పదే పదే చదివినవారికే హెచ్చు. ఎక్కువ మరచిపోబోయేవారే ఎక్కువ నమ్మకంతో కూర్చున్నారన్నమాట.

ఖరగ్‌పూర్‌లో ఈ సంగతి తెలియడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఆ ఊరి పేరు వినగానే చాలామందికి పొడవైన ప్లాట్‌ఫారం జ్ఞాపకం వస్తుంది. 1,072 మీటర్లకు పైబడిన ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని దాటిపోయినవి. ప్లాట్‌ఫారం సంగతి అట్లుంచితే, ఆ ఊరిని నిలబెట్టినది వర్క్‌షాపు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఇక్కడ అడుగుపెట్టింది. హౌరా నుండి వచ్చే దారి నాగపూరు వైపుకూ, మదరాసు వైపుకూ చీలే చోటు ఇది. తూర్పు తీరపు రైలుమార్గం పడిన తరువాత గంజాం, విశాఖపట్టణం జిల్లాల పల్లెలనుండి తెలుగువారు అదే రైలెక్కి అక్కడ దిగారు. కలాసీలుగా, గ్యాంగు మనుషులుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా చేరారు. నేటికీ గోల్‌బజారు చుట్టుపక్కల వీధులలో శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. మూడు నాలుగు తరాలుగా అక్కడే పుట్టి పెరిగినవారు బంగాళీ, హిందీ, తెలుగు ఒకే వాక్యంలో కలిపి మాట్లాడుకుంటారు.

సరిగా ఈ మార్గంమీదనే, బరంపురంలో, 1894 ఆగస్టు 10న వరాహగిరి వెంకటగిరి జన్మించారు. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుమోసిన న్యాయవాది, కాంగ్రెసువాది. కుమారుడు బారిష్టరు కావలెనన్నది ఆ ఇంటి కోరిక. అప్పటి ఎగువ మధ్యతరగతి తెలుగు కుటుంబాలలో ఇంతకు మించిన కోరిక ఏముంటుంది? 1913లో గిరి ఐర్లండు వెళ్లి, డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీలోనూ, న్యాయవిద్యకు నిలయమైన కింగ్స్ ఇన్స్‌లోనూ చేరారు.

ఆయన వెళ్లిన సంవత్సరం సామాన్యమైనది కాదు. ఆ ఆగస్టులోనే డబ్లిన్ ట్రాము కార్మికులు పని మానారు. యూనియన్‌లో ఉన్న వారికి పని లేదంటూ యజమానులంతా ఒక్కటై తలుపులు మూశారు. సుమారు 20,000 మంది కార్మికులు నెలల తరబడి పస్తులున్నారు. జిమ్ లార్కిన్, జేమ్స్ కోనలీ వారి నాయకులు. 1914 తొలి రోజులలో ఆ పోరాటం ఓడిపోయింది. ఆకలికి తాళలేక కార్మికులు ఒక్కొక్కరుగా తిరిగి పనిలోకి వెళ్లారు. గిరికి ఇంగ్లీషు బోధించిన ఆచార్యులలో కవి థామస్ మెక్‌డొనా ఒకరు. 1916 ఈస్టరు తిరుగుబాటు నాయకులలో ఆయన కూడా ఉన్నారు. మే 3న బ్రిటిష్ సైనికులు ఆయనను కాల్చి చంపారు. తిరుగుబాటుదారులతో సంబంధమున్నదన్న అనుమానం భారతీయ విద్యార్థులపైనా పడింది. జూలై 1వ తేదీలోగా దేశం విడువవలసినదని గిరికి నోటీసు వచ్చింది. దానికి కొద్దిరోజుల ముందే, జూన్‌లో, ఆయన బారిష్టరు పట్టా అందుకున్నారు.

ఇరవై రెండేళ్ల యువకుడు రెండు చదువులతో ఇంటికి వచ్చాడన్నమాట. ఒకటి పట్టామీద రాసి ఉన్నది. రెండవది ఎక్కడా రాసి లేదు. మొదటిది వెంటనే ఉపయోగపడింది. మదరాసు హైకోర్టులో పేరు నమోదైనది, కేసులు వచ్చినవి. రెండవది కొన్ని సంవత్సరాలపాటు లోపలే ఉండిపోయింది. ఇది గమనించదగిన విషయం. గొప్పవారి జీవితచరిత్రలు రాసేవారు ఈ నడిమి కాలాన్ని ఒక్క వాక్యంలో దాటిపోతారు. డబ్లిన్‌లో చూసినది నేరుగా ఖరగ్‌పూర్‌లో మొలకెత్తినట్లు రాస్తారు. వాస్తవంలో విత్తనం ఆరేడు సంవత్సరాలు గాదెలోనే ఉన్నది. 1920లో సహాయ నిరాకరణ పిలుపు వచ్చినప్పుడు గిరి వకీలు వృత్తి వదిలారు. 1922లో సారాదుకాణాల ముందు నిరసనలో అరెస్టయ్యారు. చేయి ఖాళీ అయిన తరువాత గాని రెండవ చదువుకు పని దొరకలేదు.

ఆ పని బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులది. నేటి పాఠకునికి అప్పటి పరిస్థితి కొంత వివరించవలసి ఉన్నది. ఖరగ్‌పూర్ కంపెనీ ఊరు. ఉద్యోగం కంపెనీది, నివసించే క్వార్టరు కంపెనీది, కుళాయి నీరు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది. పని పోయినవాడు అదే నెలలో ఇల్లు కూడా విడువవలసినదే. అక్కడ ఒక ఫిట్టరును తొలగిస్తే నాలుగువందల మైళ్ల అవతల చీపురుపల్లి పక్క పల్లెలో ముసలి తల్లికి మనియార్డరు ఆగిపోతుంది. కార్మిక సంఘానికి చట్టంలో చోటు లేదు. 1920–21లో మదరాసు బకింగ్‌హాం మిల్లు వివాదంలో బి. పి. వాడియా మొదలైన సంఘ నాయకులపై మదరాసు హైకోర్టు నిషేధాజ్ఞ జారీచేసింది. సమ్మెకు ప్రోత్సహించడమే నష్టపరిహారానికి కారణం కాగలదని దానివల్ల తేలింది. ఎన్. ఎం. జోషీ కేంద్ర శాసనసభలో పట్టుబట్టగా పట్టుబట్టగా 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అది అమలులోకి వచ్చినది 1927 జూన్ 1న.

ఇట్టి చోట బారిష్టరు చదువు పనికివచ్చిందా? వచ్చింది గాని, కోర్టులో కాదు. ఏ మాట అంటే సంఘం చిక్కులో పడుతుందో, ఏ అర్జీకి కంపెనీ జవాబు చెప్పక తప్పదో తెలిసిన మనిషి కార్మికుల పక్షాన కూర్చోవడం అదే మొదలు. గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిర్మించారు. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరై, పదేళ్లకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. పదవుల జాబితా చూడడానికి బాగుంటుంది. దాని వెనుక ఉన్న పని మాత్రం ఆకురాయి పనివంటిది. చందా లెక్కలు, సభ్యుల పేర్లు, భాష తెలియని వారికి మూడు భాషలలో ఒకే సంగతి చెప్పడం, కోపంతో ఉన్న జనాన్ని రాయి ఎత్తకుండా నిలపడం. ఇవి ఏ కళాశాలలోనూ నేర్పేవి కావు. ఒకచోట చూసినవాడు కూడా మరొకచోట మొదటినుండి నేర్చుకోవలసినదే.

1927 ఖరగ్‌పూర్‌కు పరీక్షా సంవత్సరం. ఫిబ్రవరిలో సమ్మె జరిగింది. తుపాకీ కాల్పుల దాకా పోయింది. అదే సంవత్సరం జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు గిరి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. సెప్టెంబరులో వర్క్‌షాపునుండి వేయికి మించిన మందిని తొలగించదలచినట్లు కంపెనీ ప్రకటించగా మళ్లీ పని ఆగింది. తొలగింపుకు గురైనవారి హక్కుల నిమిత్తం గిరి నాయకత్వాన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు అహింసాయుతంగా సాగించిన ఈ పోరాటం, దానికి యాజమాన్యమూ ప్రభుత్వమూ కొంత దిగిరావలసి రావడం మన కార్మికోద్యమ చరిత్రలో మైలురాయిగా నిలిచినవి. డబ్లిన్‌లో పదమూడేళ్ల క్రితం కార్మికులు ఓడిపోయినది ఆకలివల్ల. పొయ్యి వెలగని ఇంటిలో పట్టుదల ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ దృశ్యం కళ్లారా చూసిన మనిషికి ఖరగ్‌పూర్ కాలనీలో ఏది ముందు చూడవలసినదో ఒకరు చెప్పవలసిన పని ఉండదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆచరణలో పెట్టిన జ్ఞానం పెట్టినట్లే ఉండదు. అది తిరిగి మనిషిని మారుస్తుంది. సమ్మెలు నడిపిన గిరి క్రమక్రమంగా సంప్రదింపుల మనిషి అయ్యారు. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన రాయల్ లేబర్ కమిషనుకు సహకరించాలా, బహిష్కరించాలా అన్న వాదం వచ్చినప్పుడు ఆయన, జోషీ సహకరించే పక్షాన నిలిచి, అంతవరకు తాము నడిపిన సంస్థనుండే విడిపోయారు. తోటివారు కొందరు మెత్తబడినాడన్నారు. వారి కోణంనుండి ఆ మాటలో అన్యాయం లేదు కూడా. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన తరువాత, తగాదా వచ్చినప్పుడల్లా ట్రిబ్యునలుకు పరుగెత్తకుండా యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని ఆయన పట్టుబట్టారు. దానికి ‘గిరి పద్ధతి’ అన్న పేరు వచ్చింది గాని, ప్రభుత్వంలో అది పూర్తిగా చెల్లలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయమై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించినప్పుడు గిరి మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. నమ్మినదానిని ఆచరించడానికి వెల ఉంటుంది. దానిని ఆయన ఒకసారి వృత్తితోనూ, ఒకసారి పదవితోనూ చెల్లించారు.

మూడవసారి చెల్లించే అవకాశం కూడా లేకపోయింది. 1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె ప్రారంభమై ఇరవై రోజులు సాగింది. ముందున్నది ఆయన స్థాపకులలో ఒకరైన ఫెడరేషనే. ఖరగ్‌పూర్‌వంటి రైల్వే ఊళ్లలో వేలమంది అరెస్టయ్యారు, పనులు పోగొట్టుకున్నారు. ఆ దినాలలో రాష్ట్రపతి భవనంలో ఉన్నది వి. వి. గిరి. రైలు కార్మికుని బాధ తెలిసినవారిలో ఆయనను మించినవారు ఆ భవనానికి అంతకుముందు రాలేదు, తరువాతా రాలేదు. కాని మంత్రివర్గ సలహా ప్రకారం నడవవలసిన పదవి అది. విద్య నిండుగా ఉండి, వైసు, బల్ల లేని ఫిట్టరు స్థితి. ఆ ఆగస్టులో ఆయన పదవీకాలం ముగిసింది.

ఇంత పెద్ద జీవితం చెప్పి సామాన్యుడు ఏమి చేయాలంటే ఏమి చెప్పగలమన్న సందేహం పాఠకునికి కలగవచ్చును. అందరికీ సమ్మెలు నడిపే అవసరం రాదు. కాని గిరి కథలో ఆరేడు సంవత్సరాలు గాదెలో ఉన్న విత్తనాన్ని జ్ఞాపకం చేసుకోండి. అది బయటికి వచ్చినది సంకల్పం బలపడినందువల్ల మాత్రమే కాదు. ఒక స్థలం, ఒక సమయం, ఒక నిర్దిష్టమైన పని దొరికినందువల్ల. పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1990 దశకంలో ఇదే సంగతిని చిన్న పనుల విషయంలో పరిశీలించి చూశాడు. ‘ఈ పని చేస్తాను’ అనుకునేవారికన్న, ‘ఫలానా వేళ, ఫలానా చోట, ఫలానా విధంగా చేస్తాను’ అని ముందే నిర్ణయించుకునేవారు దానిని పూర్తిచేయడం ఎక్కువ. కోరిక ఇద్దరికీ సమానమే. రెండవవానికి సమయం వచ్చినప్పుడు మళ్లీ ఆలోచించవలసిన పని లేదు.

కనుక పొదుపు పుస్తకం చదివిన గుమాస్తా ఏడవ పుస్తకం కొనకుండా, జీతం పడిన రోజున ఇంటికి వెళ్లే దారిలో పోస్టాఫీసు దగ్గర దిగితే చాలును. ఎంత మొత్తమన్నది తరువాత సంగతి. కుట్టుపని నేర్చిన ఇల్లాలు ఇరుగుపొరుగు వారి కొలతలు అడగడానికి మొహమాటపడుతున్నదంటే, శనివారం మధ్యాహ్నం పక్కింటి పిన్నిగారి జాకెట్టు ఒకటి కత్తిరించాలని పెట్టుకోవాలి. అది చెడిపోవచ్చును. చెడిపోతుంది కూడా, మొదటిది. చంక దగ్గర బిగుతైనది ఎందుకో ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు. కొత్తగా ఖరగ్‌పూర్ బదిలీ అయిన తెలుగువాడు బంగాళీ వాచకంతో నెలలు గడపనక్కరలేదు. గోల్‌బజారులో చేపలమ్మే మనిషితో రోజుకు మూడు మాటలు మాట్లాడితే, నవ్వినా నవ్వనీ, రథయాత్ర నాటికి బేరమాడగలడు.

ఈ ఊరి మరొక చివర, హిజ్లీలో, ఒకనాటి నిర్బంధ శిబిరం ఉన్నది. 1931 సెప్టెంబరులో అక్కడ జరిగిన కాల్పులలో ఇద్దరు రాజకీయ ఖైదీలు మరణించారు. ఆ కట్టడంలోనే 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. పాఠాలు ప్రారంభమైనవి. పనిలో నేర్పునే యోగంగా భావించే గీతావాక్యాన్ని ఆ సంస్థ తన ధ్యేయంగా స్వీకరించింది. హిజ్లీలో ఆ మాట రాతిమీద చెక్కి ఉన్నా, వర్క్‌షాపులో ఖలాసీకి దానిని చదివి వినిపించినవారు లేకపోయినా, పరీక్ష ఇద్దరికీ ఒకటే.

ట్రేడ్ టెస్టు తేదీ నోటీసు బోర్డుకు ఎక్కిన సాయంత్రంనుండి ఖలాసీ దినచర్య మారిపోతుంది. డ్యూటీ అయిన తరువాత పాత ఇనుప ముక్క ఒకటి వెతికి, ఫిట్టరును బతిమాలి, అరగంట వైసు దగ్గర నిలబడతాడు. మొదటి ముక్క ఒకవైపు వాలిపోతుంది. రెండవది కొలత తప్పుతుంది. అయిదవదానినో, ఆరవదానినో కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, సందులోకి చూస్తాడు.